పక్షవాతం: మెదడు కణాల శక్త్యాగారాలు, చికిత్స, గంటల విలువ

చేయి పడిపోయినా, మూతి వంకర తిరిగినా, మాట ముద్దగా వచ్చినా దెబ్బ తిన్నది మెదడే. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళం మూసుకుపోవడం వల్ల గాని, చిట్లిపోవడం వల్ల గాని పక్షవాతం సంభవిస్తుంది. భారతదేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా దీని బారిన పడుతున్నారు. నెత్తురు అందని భాగంలో జీవకణాలు నిమిషాల్లోనే చనిపోవడం మొదలవుతుంది. అంత త్వరగా ఎందుకు చనిపోతాయి? పక్కనే ఉన్న మరికొన్ని కణాలు గంటల తరబడి ఎలా నిలబడగలుగుతాయి? నెత్తురు తిరిగి పారిన తరువాత కూడా కొన్ని ఎందుకు దక్కవు? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం కణం లోపల ఉండే మైటోకాండ్రియాలు అనే అతి సూక్ష్మమైన భాగాల్లో ఉన్నది. వాటి పని అర్థమైతే, రోగిని ఆలస్యం లేకుండా తగిన ఆసుపత్రికి చేర్చడం ఎందుకు అంత ముఖ్యమో కూడా అర్థమవుతుంది.

మైటోకాండ్రియాలు అంటే ఏమిటి?

మానవ శరీరంలో ఎర్ర రక్తకణాలు తప్ప దాదాపు ప్రతి జీవకణంలోనూ మైటోకాండ్రియాలు ఉంటాయి. జర్మనీకి చెందిన రిచర్డ్ ఆల్ట్‌మన్ 1890లో వీటిని వర్ణించాడు. అదే దేశానికి చెందిన కార్ల్ బెండా 1898లో ఇప్పటి పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దారం, రేణువు అనే అర్థాలు గల రెండు మాటల కలయిక ఆ పేరు. సూక్ష్మదర్శినిలో ఇవి దారపు పోగుల్లాగా, గింజల్లాగా కనిపిస్తాయి. పాఠ్యపుస్తకాలు వీటిని ‘కణ శక్త్యాగారాలు’ అని పరిచయం చేస్తాయి.

తిన్న అన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి జీర్ణమై గ్లూకోజు అనే చక్కెరగా నెత్తురులో కలుస్తాయి. కణం ఆ గ్లూకోజును మొదట రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను మైటోకాండ్రియాలు ప్రాణవాయువు సాయంతో పూర్తిగా దహించి, వెలువడిన శక్తితో ఏ.టి.పి. అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. కణం చేసే ప్రతి పనికీ ఇదే ఇంధనం. ప్రాణవాయువు ఉన్నప్పుడు ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభిస్తాయి. ప్రాణవాయువు లేనప్పుడు లభించేవి 2 మాత్రమే.

ఈ తయారీ ఎలా జరుగుతుందో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించాడు. అందుకు 1978లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మైటోకాండ్రియా లోపలి పొర ఒక ఆనకట్ట వంటిది. ఆహారం నుంచి వచ్చిన శక్తితో హైడ్రోజన్ అయానులు ఆ పొరకు ఒక వైపున పోగవుతాయి. అవి తిరిగి రెండో వైపుకు దూకేటప్పుడు ఒక సూక్ష్మ యంత్రం తిరిగి ఏ.టి.పి. తయారవుతుంది. తుంగభద్ర ఆనకట్ట వెనుక నిలిచిన నీరు దిగువకు పారుతూ విద్యుత్ యంత్రాలను తిప్పినట్లే ఇది జరుగుతుంది. ప్రాణవాయువు అందకపోతే అయానులను పోగుచేసే పని ఆగిపోతుంది. ఆనకట్ట ఖాళీ అవుతుంది.

ఏ.టి.పి. చరిత్రలో తెలుగు శాస్త్రజ్ఞుడు

ఈ ఇంధనాన్ని గుర్తించిన వారిలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి అమెరికాకు వెళ్లారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి.ని కండరాల్లో కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో మరణించారు.

ఆయన గుర్తించిన ఈ రెండు పదార్థాలే పక్షవాతంలో మొదట తరిగిపోతాయి. ఏ.టి.పి. తగ్గినప్పుడు దానిని వెంటనే భర్తీ చేసే చిన్న నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. నెత్తురు పూర్తిగా ఆగిన చోట ఈ నిల్వ సుమారు ఒక నిమిషంలోనే అడుగంటుతుంది. ఆ తరువాత కొద్ది నిమిషాల్లో ఏ.టి.పి. కూడా హరించుకుపోతుంది.

మెదడుకే ఎందుకు ఇంత తొందర?

మెదడు శరీర బరువులో సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే ప్రాణవాయువులో మాత్రం సుమారు 20 శాతం దానికే కావాలి. కాలేయం, కండరాలు చక్కెరను నిల్వ చేసుకోగలవు. మెదడుకు చెప్పుకోదగిన నిల్వ లేదు. ఏ క్షణానికి కావలసినది ఆ క్షణంలో నెత్తురు తెచ్చి ఇవ్వవలసిందే.

నరాల కణం తన శక్తిలో పెద్ద భాగాన్ని ఒకే పనికి ఖర్చు పెడుతుంది. సోడియంను బయటికి తోడి, పొటాషియంను లోపలికి తెచ్చుకుంటూ ఉండడమే ఆ పని. ఈ తోడకం నిరంతరం సాగితేనే కణం సందేశాలు పంపగలుగుతుంది. ఊట బావిలో తోడకం ఆగితే నీరు నిండినట్లు, ఏ.టి.పి. అందక తోడకం ఆగితే కణంలోకి సోడియం, దాని వెంట నీరు చొరబడతాయి. కణం ఉబ్బుతుంది. పక్షవాతంలో మెదడు వాయడానికి ఇది మొదటి మెట్టు.

నెత్తురు ఆగినప్పుడు జరిగేది

ఉబ్బిన కణం నుంచి గ్లుటమేట్ అనే రసాయనం బయటికి పొంగుతుంది. మామూలుగా కొద్ది మోతాదులో ఇది ఒక కణం నుంచి మరొక కణానికి సందేశాన్ని అందిస్తుంది. మోతాదు మించితే పక్క కణాల ద్వారాలు తెరుచుకుని వాటిలోకి కాల్షియం ధారగా ప్రవేశిస్తుంది. మైటోకాండ్రియాలు ఆ కాల్షియంను తమలోకి పీల్చుకుని కణాన్ని కాపాడేందుకు ప్రయత్నిస్తాయి. కొంతవరకే అవి భరించగలవు. ఆ పరిమితి దాటితే వాటి పొరలో ఒక రంధ్రం తెరుచుకుంటుంది. ఆనకట్టకు గండి పడుతుంది.

మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తోడ్పడే సైటోక్రోమ్-సి అనే మాంసకృత్తు కూడా కణద్రవంలోకి జారిపోవచ్చు. అలా బయటికి వచ్చిన సైటోక్రోమ్-సి కణం తనను తాను అంతం చేసుకునే ఏర్పాటును మేల్కొలుపుతుందని షియావోడాంగ్ వాంగ్ బృందం అమెరికాలో 1996లో చూపింది. కణాన్ని బతికించే శక్త్యాగారమే దాని మరణానికి ఆజ్ఞ ఇచ్చే స్థానం కూడా అని అప్పటి నుంచి స్పష్టమైంది.

చనిపోయిన భాగం, ప్రాణంతో ఉన్న అంచు

నెత్తురు ఆగిన ప్రాంతమంతా ఒకేసారి చనిపోదు. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల నెత్తురు పారుతుంది. అది 20 మిల్లీలీటర్ల కంటే తగ్గితే కణాలు పని మానేస్తాయి గాని వెంటనే చనిపోవు. 10 మిల్లీలీటర్ల కంటే తగ్గితే చనిపోతాయి. మూసుకున్న నాళానికి దగ్గరి భాగం త్వరగా నశిస్తుంది. పక్క నాళాల నుంచి కొద్దిగా నెత్తురు అందే అంచు భాగం మూగబోయినా ప్రాణంతోనే ఉంటుంది. 1981 నాటికే వైద్యశాస్త్రం ఈ భేదాన్ని గుర్తించి, దక్కించుకోగల భాగం ఇదేనని నిర్ణయించింది.

చేయి కదలని ప్రతి రోగిలోనూ చేతిని నడిపే కణాలన్నీ అప్పటికే చనిపోయి ఉండవు. చాలామందిలో ఆ కణాల్లో కొన్ని, అరకొర నెత్తురుతో మైటోకాండ్రియాలను నెట్టుకొస్తూ సాయం కోసం వేచి ఉంటాయి. గడిచే కొద్దీ ఆ అంచు కుంచించుకుపోతుంది. పెద్ద నాళం మూసుకున్న రోగిలో చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నరాల కణాలు నశిస్తాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కకట్టాడు.

నెత్తురు తిరిగి పారినప్పుడు మరొక గండం

నాళం తెరుచుకుని ప్రాణవాయువు మళ్లీ అందగానే మైటోకాండ్రియాలు పనిలో దిగుతాయి. అయితే నెత్తురు ఆగిన కాలంలో వాటిలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుని ఉంటుంది. ప్రాణవాయువు తగలగానే అది ఒక్కసారిగా దహించుకుపోయి, కణాన్ని కాల్చే ఆక్సిజన్ రాడికల్స్ పుట్టుకొస్తాయి. ఈ వరసను 2014లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి జంతువులపై జరిపిన పరిశోధనలో వెల్లడించారు. ఎండి బీటలు వారిన చేనికి ఒక్కసారిగా తూము ఎత్తితే గట్లు తెగినట్లు, ఎంతో అవసరమైన నెత్తురే తొలి నిమిషాల్లో కొంత హాని చేస్తుంది.

అంతమాత్రాన నాళాన్ని తెరవకుండా ఉండటం తగదు. నీరు పెట్టకపోతే చేను ఎలాగూ ఎండిపోతుంది. ఎంత తొందరగా తెరిస్తే పేరుకున్న హాని అంత తక్కువగా ఉంటుంది.

నిరూపితమైన చికిత్సలు

రోగి ఆసుపత్రికి చేరగానే మొదట చేసేది సి.టి. స్కాన్. నాళం మూసుకున్నదా, చిట్లిందా అనేది బయటి లక్షణాలను బట్టి నిశ్చయంగా చెప్పలేరు. రెండింటికీ చికిత్స పూర్తిగా వేరు. గడ్డను కరిగించే మందు చిట్లిన నాళానికి ప్రాణాపాయం తెస్తుంది.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆల్టిప్లేజ్ అనే మందును 3 గంటల లోపు ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికాలో నిరూపితమైంది. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును 4.5 గంటలకు పెంచింది. టెనెక్టిప్లేజ్ అనే మందును కూడా ఇదే విధంగా వాడుతున్నారు. పెద్ద నాళం మూసుకున్నప్పుడు తొడ వద్ద నుంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి 2015లో వెలువడిన ఐదు పరిశోధనలతో స్థిరపడింది. స్కాన్‌లో ప్రాణంతో ఉన్న అంచు కనిపించే కొందరు రోగుల్లో 24 గంటల వరకు ఈ పద్ధతి ఫలిస్తుందని 2018లో తేలింది. రాత్రి బాగానే పడుకుని తెల్లవారేసరికి పక్షవాతంతో లేచిన కొందరికి కూడా ఎం.ఆర్.ఐ. పరీక్ష ఆధారంగా గడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చునని అదే ఏడాది మరొక పరిశోధన చూపింది.

మైటోకాండ్రియాలకు కావలసినది ప్రాణవాయువు, చక్కెర. ఈ చికిత్సలన్నీ ఆ రెండింటినీ తిరిగి అందించేవే. అందుకే వీటి ఫలితం గడియారం మీద ఆధారపడి ఉంటుంది.

నాళం చిట్లిన వారికి రక్తపోటును అదుపు చేయడం, అవసరాన్ని బట్టి శస్త్రచికిత్స ముఖ్యం. ఏ రకమైనా, ఆసుపత్రిలో జ్వరాన్ని, చక్కెరను, మింగే శక్తిని జాగ్రత్తగా చూసుకోవాలి. జ్వరం కణాల ఇంధన అవసరాన్ని పెంచుతుంది. చక్కెర ఎక్కువైతే ప్రాణవాయువు లేని చోట లాక్టిక్ ఆమ్లం పెరిగి కణాలను మరింత దెబ్బతీస్తుంది. ఈ మూడింటినీ నర్సులు క్రమబద్ధంగా చూసుకున్న వార్డుల్లో రోగులు మెరుగ్గా కోలుకున్నారని 2011లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి నిరూపించింది.

మైటోకాండ్రియాలను నేరుగా కాపాడే మందులు ఉన్నాయా?

ఈ దిశగా జరిగిన ప్రయత్నాలు ఎన్నో. రాడికల్స్‌ను అణచే ఎన్.ఎక్స్.వై-059 అనే మందు 2006లో ఆశ రేపింది. మరింత పెద్ద పరిశోధనలో అది పనిచేయలేదని 2007లో తేలింది. మైటోకాండ్రియా పొరలో రంధ్రం తెరుచుకోకుండా అడ్డుకునే సైక్లోస్పోరిన్‌ను ఫ్రాన్స్‌లో పరీక్షించగా, రోగులందరినీ కలిపి చూసినప్పుడు స్పష్టమైన మేలు కనబడలేదని 2015లో ప్రకటించారు. ఎడరవోన్ అనే మందుకు జపాన్ 2001లో అనుమతి ఇచ్చింది. ఆసియాలోని కొన్ని దేశాల్లో దానిని వాడుతున్నా, నాళాన్ని తెరిచే చికిత్సకు అది బదులు కాదు.

మెదడులో నరాల కణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు దెబ్బతిన్న నరాల కణాలకు తమ మైటోకాండ్రియాలను పంపగలవని అమెరికా శాస్త్రజ్ఞులు 2016లో ఎలుకల్లో గమనించారు. దీనితో కొత్త ఆలోచన మొదలైంది. రోగి కండరం నుంచి తీసిన మైటోకాండ్రియాలను, గడ్డను లాగే సమయంలోనే మెదడు నాళంలోకి ఎక్కించే ప్రయత్నం అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. నలుగురు రోగులతో జరిగిన తొలి దశ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఈ దశ ఉద్దేశం భద్రతను పరిశీలించడమే. రోగం నయమవుతుందని చెప్పడానికి ఇది చాలదు.

కనుక మైటోకాండ్రియాలకు బలం ఇస్తాయంటూ అమ్మే మాత్రలు, టానిక్కులు పక్షవాతాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. వాటి కోసం అప్పు చేయడం అనవసరం.

తల్లి నుంచి సంక్రమించే అరుదైన వ్యాధి

మైటోకాండ్రియాలకు సొంత జన్యువులు ఉంటాయి. అవి తల్లి నుంచే బిడ్డకు వస్తాయి. వాటిలో దోషం ఉన్న కొందరిలో చిన్న వయసులోనే పక్షవాతం వంటి దాడులు, మూర్ఛలు, వాంతులు, చెవుడు కనిపించవచ్చు. దీనికి మెలాస్ అని పేరు. ప్రధాన జన్యు దోషాన్ని జపాన్ శాస్త్రజ్ఞులు 1990లో గుర్తించారు. ఇది చాలా అరుదు. తల్లి వైపు బంధువుల్లో ఇటువంటి లక్షణాలు ఉంటే ఆ సంగతి నరాల వైద్యునికి చెప్పాలి. మూర్ఛకు సాధారణంగా వాడే వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు ఇటువంటి రోగులకు హాని చేయవచ్చు.

సరిహద్దు గ్రామాల కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

లక్షణాలు అకస్మాత్తుగా వస్తాయి. నవ్వమంటే మూతి ఒక వైపుకు లాగుతుంది. రెండు చేతులూ చాపమంటే ఒకటి జారిపోతుంది. మాట తడబడుతుంది, లేదా చెప్పినది అర్థం కాదు. ఒక కంటి చూపు పోవడం, నడకలో తూలిపోవడం కూడా ఉండవచ్చు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. అది రానున్న పెద్ద దాడికి హెచ్చరిక కావచ్చు.

రోగి ఆఖరున బాగా ఉన్నట్లు ఇంటివారు చూసిన సమయాన్ని కాగితం మీద రాసుకోవాలి. వైద్యులు అడిగే మొదటి ప్రశ్న అదే. నోట్లో నీళ్లు, మజ్జిగ, మాత్రలు ఏవీ వేయరాదు; ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ కాకముందు ఆస్పిరిన్ ఇవ్వరాదు. రక్తపోటు మందు అదనంగా మింగించరాదు. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు రావచ్చు. ఆ వ్యాధి సంగతి, వాడుతున్న మందుల చీటీ వెంట ఉండాలి.

పసరు పోయించడానికి, పావురం నెత్తురుతో మర్దన చేయించడానికి తిరిగే గంటలే అంచు భాగంలోని కణాలకు మిగిలిన ఆయుష్షు. ఇంటి పెద్దలు నమ్మకంతో చెప్పే మాటను మన్నిస్తూనే, ముందు స్కాన్ చేయించి తీరాలని చిన్నవారు నచ్చచెప్పవలసి ఉంటుంది.

108 సేవ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై తరువాత కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ ఏర్పడింది. సరిహద్దు దాటి తీసుకువెళ్తారా, ఎక్కడి వరకు తీసుకువెళ్తారు అనే సంగతి ముందే కనుక్కోవడం మేలు. దగ్గరి ఆసుపత్రి సొంత రాష్ట్రంలోనే ఉండాలని లేదు. యానాం వారికి కాకినాడ, పర్లాకిమిడి వారికి శ్రీకాకుళం చేరువ. సిరొంచ వారికి జిల్లా కేంద్రమైన గడ్చిరోలి కంటే గోదావరి ఆవలి తెలంగాణ పట్టణాలు దగ్గర. దగ్గరలో సి.టి. స్కాన్ రాత్రింబవళ్లు పనిచేసే ఆసుపత్రి ఏది, అక్కడ గడ్డ కరిగించే మందు ఇస్తారా అనే రెండు ప్రశ్నలకు ప్రతి కుటుంబం దగ్గరా సమాధానం ఉండాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారు ఆ పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల్లోని నమోదైన ఆసుపత్రుల్లోనూ చికిత్స పొందవచ్చు. రాష్ట్రాల సొంత పథకాల నియమాలు వేరువేరుగా ఉంటాయి గనుక వాటిని కూడా తీరికగా ఉన్నప్పుడే తెలుసుకోవాలి.

కోలుకోవడం, నివారణ

చనిపోయిన కణాలు తిరిగి రావు. మిగిలిన కణాలు కొత్త పనిని నేర్చుకోగలవు. అందుకు వ్యాయామ చికిత్సను వైద్యులు చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టి నెలల తరబడి కొనసాగించాలి. వ్యాయామం కండరాల్లో మైటోకాండ్రియాలను పెంచుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హోలోజీ 1967లో ఎలుకల్లో నిరూపించాడు. మంచం పట్టిన కాలంలో బలహీనపడిన కండరాలకు ఇది ఎంతో అవసరం.

నివారణలో మొదటి స్థానం రక్తపోటుది. మందు వాడుతూ బాగానే ఉందని మధ్యలో మానేయడం పెద్ద పొరపాటు. చక్కెర వ్యాధిని అదుపులో ఉంచుకోవడం, బీడీ, చుట్ట, ఖైనీ మానడం, మద్యం మానడం, ఊరగాయలలోనూ అప్పడాలలోనూ ఉండే ఉప్పును తగ్గించడం, రోజూ నడవడం ఆ తరువాతివి. నాడి క్రమం తప్పి కొట్టుకునేవారు వైద్యునికి చూపించుకోవాలి.

మైటోకాండ్రియాలకు నేరుగా ప్రాణం పోసే మందు రేపు రావచ్చు. ఈనాడు వాటిని కాపాడే సాధనం సకాలంలో తెరిచిన రక్తనాళమే. ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, వాహనం నడిపేవారి నంబరు ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకుంటే, అవసరం పడిన రాత్రి వెతుకులాటలో నిమిషాలు పోవు.